రోడ్డు మీది చుట్టాలు

మొన్న సోమవారం ఉదయం ఎనిమిదీ పదికి ధారూర్ దాటాక ఉన్న రైల్వే గేటు పడింది. నేను షేర్ ఆటోలో ఉన్నాను. ఆటో అతను వరసలో నిలబడలేదు. కుడివైపు నుంచి ముందుకు తీసుకొచ్చి, ఖాళీగా తాండూరుకు పోతున్న, నాపబండలు మోసే లారీ పక్కన ఆపాడు. లారీ డ్రైవర్ కిటికీలోంచి కిందికి చూసి నన్ను గుర్తుపట్టాడు.

"టీచరమ్మా, గా నర్సమ్మ వస్తలేదేంది? మస్తు దినాలాయె సూడక."

"లేదన్నా, ఆమె..." అన్నాను. రైలు అప్పటికే పోయింది. గేటు లేచింది, వెనక హారన్లు మొదలయ్యాయి. అతను గేరు వేస్తూ, "నేను అడిగిన్నని చెప్పుండ్రి" అని వెళ్లిపోయాడు.

ఆమె చనిపోయి మూడు నెలలు దాటింది. ఆ డ్రైవర్‌కు ఆమె పేరు తెలియదు, నర్సు కాబట్టి నర్సమ్మ అన్నాడు. ఆమెకూ అతని పేరు తెలిసి ఉండదు. పేరుతో పని లేకుండానే వాళ్లిద్దరూ ఏళ్లపాటు ఒకే రోడ్డు మీద వచ్చీ పోయారు.

ఆమె ధారూర్ అవతలి ఒక ఊరి సబ్‌సెంటర్‌లో నర్సు. నేను అదే ఊరి బడిలో టీచర్ని. ఆమె తాండూరు నుంచి రైల్లో వచ్చేది, నేను వికారాబాద్ నుంచి. ఎదురెదురు దిక్కుల నుంచి వచ్చి ధారూర్‌లో దిగేవాళ్లం. స్టేషన్ బయట టీ హోటల్ వెనక మా సైకిళ్లు ఉండేవి. ఎవరి రైలు ముందొస్తే వాళ్లు రెండోవాళ్ల కోసం ఆగాలని మేము ఎప్పుడూ అనుకోలేదు. కానీ ఆగేవాళ్లం.

మొదటిసారి ఆమె నాతో మాట్లాడింది తిట్టడానికే. నేను ఉద్యోగంలో కొత్తగా చేరిన రోజులు. లారీలంటే భయంతో తారు రోడ్డు చివరి అంచు పట్టుకుని తొక్కుతున్నాను. వెనక నుంచి గొంతు వినిపించింది.

"ఏం చెల్లె, రోడ్డు మీద పోతున్నవా, రోడ్డును ఇడిసి పోతున్నవా?"

"లారీలొస్తున్నయి గదా అక్కా."

"అంచుకు పోతే బండోనికి ఏమనిపిస్తది? ఈమెకు జాగ అక్కరలేదు అనిపిస్తది. రాసుకుంట పోతడు. జర లోపటికి రా. నీకు కావాల్సినంత జాగ నువ్వు తీసుకో. ఎక్కువ తీసుకోకు, తక్కువ తీసుకోకు."

నాకు తెలిసి ఆమె చెప్పిన అతి పెద్ద ఉపన్యాసం అదే. తర్వాత ఏళ్లపాటు నేను విన్నవన్నీ చిన్న మాటలు. వాటిలో ఎక్కువ నాతో అన్నవి కావు, బండ్లతో అన్నవి.

ఆమె ప్రతి బండికీ ఒక వరస పెట్టింది. లారీ బావ. ఆర్టీసీ బస్సు మామ. మోటార్‌సైకిల్ మరిది. ట్రాక్టర్ తమ్ముడు. కారు అల్లుడు. షేర్ ఆటో ఆడబిడ్డ. సైకిల్ తొక్కుతూ వాటితో పైకే మాట్లాడేది. బస్సు హారన్ వినిపిస్తే, "వస్తున్నవా మామా, రా రా, నీకు అడ్డమెవరు" అంటూ పక్కకు జరిగేది. మామతో వాదన పెట్టుకోకూడదు, ఆయన టైముకు పోవాలి. కారు వస్తే, "అల్లుడు గారు దయచేసిన్రు" అనేది. అల్లుడికి మర్యాద తక్కువైతే కోపమొస్తుంది, అందుకని దారి ఇచ్చి కొంచెం నవ్వాలి. ఆడబిడ్డ ఎక్కడ ఆగుతుందో ఆడబిడ్డకే తెలియదు, కాబట్టి ఆమె వెనక దగ్గరగా పోకూడదు. తమ్ముడు పాటలు పెట్టుకుని ట్రాలీ నిండా కందికట్టె వేసుకుని పోతుంటాడు, వెనక్కి చూడడు, వాడిని పిలిచి లాభం లేదు. మరిది ఏ పక్క నుంచైనా వస్తాడు, వాడికి సిగ్గు లేదు. బావతో మాత్రం సరసమాడవచ్చు.

"ఏం బావా, గంత బరువు ఎత్తుకున్నవ్, నడుము ఇరుగదా?" అని బండల లారీని అడిగేది. లారీ ఆ మాట వినేది కాదు. దాటి పోయేది.

గొర్రెల మంద ఎదురొస్తే మాత్రం సైకిల్ దిగి నిలబడేది. ఆమె పుట్టినిల్లు కర్ణాటక సరిహద్దున, బషీరాబాద్ వైపు, గొర్రెలు కాసేవాళ్ల ఇల్లు. మంద దాటే వరకు బస్సూ లారీ కూడా ఆగక తప్పేది కాదు. "సూస్తివా చెల్లె, మా పుట్టింటోళ్లొస్తే మామ గుడ ఆగుతడు" అనేది. ఆ ఒక్క సందర్భంలో ఆమె ముఖంలో గర్వం కనిపించేది. నిజంగా కోపం వస్తే కన్నడం వచ్చేది. హారన్ కొట్టి మీదికి వచ్చిన బండిని ఆగమని, "ఏయ్, నిల్లు!" అని అరిచేది.

ఇవన్నీ చెబితే వినేవాళ్లు నవ్వుతారు. నేనూ మొదట నవ్వాను. ఒకసారి అడిగాను, ఎందుకక్కా ఈ వరసలు అని. ఆమె సైకిల్ తొక్కుతూనే చెప్పింది.

"లారీ అనుకుంటే భయమైతది. భయమైతే హ్యాండిల్ వణుకుతది. లోపట కూసున్నోడు మనిషే గదా. వరస కలిపితే మనిషి యాదికుంటడు."

ఆమెకు అసలు వరసలవాళ్లు ఎవరున్నారో నేను అడగలేదు. తాండూరులో ఒక గదిలో ఒంటరిగా ఉంటుందని తెలుసు. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా విప్పితే రోజూ ఒకే కూర ఉండేది. "ఒక్కదానికి రెండు కూరలెందుకు" అనేది. నా డబ్బాలోనూ ఒకే కూర ఉండేది. ఆ సంగతి ఆమె గమనించింది, నన్ను ఏమీ అడగలేదు.

తోటి నర్సులందరూ స్కూటీలు కొన్నప్పుడు ఆమె కూడా ఒకరిది తీసుకుని కొన్నాళ్లు నడిపి చూసింది. తిరిగి ఇచ్చేసింది. కారణం అడిగితే, "స్కూటీ ఎక్కితే నాకు కోపమొస్తది చెల్లె. ముందల సైకిలోడు పోతుంటే, జరుగురా అని హారన్ కొడుతున్న. నాకు నేను నచ్చలే" అంది.

బుధవారం, శనివారం ఆమె ధారూర్ ఆసుపత్రిలో నీలం రంగు టీకాల డబ్బా తీసుకుని క్యారియర్ మీద రబ్బరు ట్యూబుతో కట్టుకునేది. లోపల ఐసు. ఎండ ముదరక ముందే ఊరు చేరాలి. ఆ తొందరలోనే గేటు దగ్గర ఒక అలవాటు పడింది. గేటు పడితే బండ్ల వరసకు ఎడమవైపు సందులోంచి ముందుకు పోయేది. సీటు మీంచి దిగకుండా, ఒక చెయ్యి లారీ రేకుకు ఆనించి నిలబడేది. సైకిళ్లవాళ్లందరూ అంతే చేసేవాళ్లు. "బావ భుజం ఉండంగ కాలు కింద పెట్టుడెందుకు" అనేది.

ఒక శనివారం గేటు లేచింది. ముందున్న గుంతను తప్పించడానికి లారీ కొంచెం ఎడమకు కోసింది. ఆమె చెయ్యి ఇంకా రేకు మీదే ఉంది. హ్యాండిల్ ఎక్కడో తగులుకుని సైకిల్ పక్కకు పడింది, ఆమె మట్టిలో పడింది. వెనక చక్రం ఆమె కాలికి జానెడు దూరంలో ఆగింది. నేను వెనకే ఉన్నాను.

జనం డ్రైవర్‌ను కిందికి లాగారు. ఒకాయన కాలర్ పట్టుకున్నాడు.

"కండ్లు యాడ పెట్టుకున్నవ్‌రా? ఆడమనిషి కనవడలేదా?"

"ఒట్టు అన్నా, నాకు కనవడలే. పిల్లల మీద ఒట్టు."

ఆమె కింద కూర్చునే అరిచింది. "ముందుగాల డబ్బ సూడుండ్రి! మూత ఊడిందా?"

మూత ఊడలేదు. నేను డబ్బా తెచ్చి ఆమె ఒడిలో పెట్టాను. అప్పుడు లేచింది. మోచెయ్యి గీరుకుపోయింది.

"ఆయన్ను ఇడువుండ్రి. బావను కొడ్తరా ఎవరన్న?" అంది. కాలర్ పట్టుకున్నాయన ఏమీ అర్థం కాక వదిలేశాడు.

డ్రైవర్ వైపు తిరిగింది. "నిజంగ కనవడలేదా? నీ పక్కనే ఉంటి గదా. నీ బండి మీద చెయ్యి గుడ ఏసి ఉంటి."

"నువ్వే ఎక్కి సూడమ్మా. నేను చెప్తే నమ్మరు."

ఆమె డబ్బా నా చేతికిచ్చి, చీర కుచ్చిళ్లు బిగించి, నిజంగానే ఎక్కింది. డ్రైవర్ సీట్లో కూర్చుంది. జనం నవ్వారు. ఎవరో, "నర్సమ్మ లారీ నడుపుతదట, జరుగుండ్రి" అన్నారు. ఆమె నన్ను తాను నిలబడ్డ చోట సైకిల్‌తో నిలబడమంది. నేను ఎడమ తలుపు పక్కన నిలబడ్డాను.

పైనుంచి గొంతు వచ్చింది. "చెల్లె, యాడున్నవ్?"

"గీడనే అక్కా. తలుపు పక్కన."

పైన ఆమె సీట్లో అటూ ఇటూ జరిగి చూస్తున్న చప్పుడు వినిపించింది.

"లేవు" అంది. మళ్లీ అంది. "నువ్వు లేవు చెల్లె."

నేను ఉన్నచోటే ఉన్నాను. చెయ్యి చాపితే తలుపు అందుతుంది. ఆమె చెప్పినట్టు సైకిల్ నడిపించుకుంటూ ముందుకు వెళ్లాను. లారీ ముక్కు దాటాను. "ఇంక... ఇంక జర..." అంటూ ఉంది. నేను అనుకున్న దానికన్నా చాలా దూరం ముందుకు వెళ్లాక, "ఆ, గిప్పుడు కనవడ్డవ్" అంది.

దిగి వచ్చి డ్రైవర్‌తో, "సరే. నా తప్పు నాకు తెలిసింది. గిప్పుడు నువ్వు నా బండెక్కు" అంది. అతను సిగ్గుపడుతూ ఆమె సైకిల్ ఎక్కాడు. పెద్ద మనిషి, మోకాళ్లు బయటికి పెట్టి తొక్కుతుంటే మళ్లీ నవ్వులు. కొంచెం దూరం పోయేసరికి ఎదురుగా బస్సు వచ్చి, పక్క నుంచి వేగంగా దాటిపోయింది. అతని సైకిల్ ఊగి రోడ్డు దిగిపోయింది. తిరిగొచ్చినప్పుడు ముఖంలో నవ్వు లేదు.

"గాలి గుంజుతది గదమ్మా" అన్నాడు.

"గుంజుతది. నువ్వు దాటినా గట్లనే గుంజుతది."

ఆ రోజు టీకాలు ఆలస్యంగా మొదలయ్యాయి. తల్లులు గొణిగారు. ఆ డ్రైవర్ తర్వాత మారాడా అంటే నేను చెప్పలేను. మారింది ఆమె. లారీ మీద చెయ్యి వేయడం మానేసింది. గేటు పడితే లారీకి బాగా ముందుకు వెళ్లి, సైకిల్ దిగి, వెనక్కి తిరిగి అద్దం వైపు ముఖం ఎత్తి, గట్టిగా అడిగేది.

"కనవడ్తున్ననా బావా?"

డ్రైవర్లు మొదట వింతగా చూశారు. తర్వాత అలవాటు పడ్డారు. కొందరు చెయ్యి ఎత్తేవాళ్లు, కొందరు లైటు ఒకసారి వేసి ఆర్పేవాళ్లు. "మస్తు కనవడ్తున్నవ్ పో అక్కా" అని ఒకరు. "నల్లగ కనవడ్తున్నవ్" అని ఇంకొకరు. "నీ టైర్ల కన్న తెల్లగనే ఉన్న తియ్యి" అని ఆమె. జవాబు వచ్చేదాకా ఆమె కదిలేది కాదు. ఫోన్ చూసుకుంటూ జవాబివ్వని డ్రైవర్ ఉంటే, గేటు లేచినా అక్కడే నిలబడి మళ్లీ అడిగేది. వెనక హారన్లు మోగేవి. నాకు తలవంపుగా ఉండేది. ఆమెకు ఉండేది కాదు. ఒక మనిషి తనను చూశానని ఒప్పుకునే వరకు ఆగడం ఆమెకు చిన్న విషయం కాదని నాకు ఆలస్యంగా అర్థమైంది.

పక్కల నుంచి వచ్చే బండ్లను ఆమె చూడటం లేదని మొదట గమనించింది నేనే. ఒక ఉదయం ఊరి దారికి తిరుగుతూ కుడివైపు వస్తున్న మోటార్‌సైకిల్‌కు అడ్డంగా వెళ్లింది. అతను బ్రేకు వేసి తిట్టాడు. మామూలుగా అయితే మరిదికి గట్టిగా జవాబు పడేది. ఆ రోజు నా వైపు తిరిగింది.

"కనవడలే చెల్లె" అంది నాతో, చిన్నగా.

వికారాబాద్‌లో కంటి డాక్టర్ దగ్గరికి నేనే తీసుకెళ్లాను. కంట్లో ఒత్తిడి పెరిగిందని, పక్కచూపు చాలావరకు పోయిందని, పోయింది తిరిగి రాదని, ఉన్నది కాపాడుకోవాలని ఆయన చెప్పాడు. సైకిల్ వద్దన్నాడు. బయటికి వచ్చాక ఆమె మందుల షాపు బోర్డు మీది చిన్న అక్షరాలు కూడబలుక్కోకుండా చదివి చూపించింది. "ముందల మంచిగనే కనవడ్తుంది గదా. పక్కలకే గద లేంది" అంది. డాక్టర్‌తో వాదించాల్సింది నాతో వాదించింది.

సైకిల్ మానేస్తే ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. సబ్‌సెంటర్ ఉన్న ఊరు కాక చుట్టూ తండాలు, చిన్న పల్లెలు ఉన్నాయి. ఆటోలు పోని దారులు. ఆమె వెళ్లేది, మాట్లాడేది, ఆమెను ఎవరైనా పలకరించేది అంతా సైకిల్ మీదే. దిగితే మిగిలేది తాండూరులో ఆ గది.

ఆమె ఒక ఉపాయం చెప్పింది. నేను ఆమెకు కుడివైపు, అర చక్రం వెనకగా తొక్కాలి. వచ్చే బండిని పిలిచి చెప్పాలి. నాకు వరసలన్నీ వచ్చు కాబట్టి పేర్లు వెతుక్కోనక్కర లేదు. మేము ఆ చలికాలం అలాగే వెళ్లాం.

"మామ వస్తుండు అక్కా."

"రానీ."

"మరిది, ఎడమ దిక్కు నుంచి."

"ఆడికెప్పుడు బుద్ధొస్తదో."

"బావలు ఇద్దరు, ఒకని ఎన్క ఒకడు."

"ఇద్దరా? నాకు ఒక్కడు సాలు గదనే."

ఆ రోజుల్లో ఆమె నవ్వినంతగా ముందెప్పుడూ నవ్వలేదు. నేనూ అంతే. నా మాట ఇంకొకరికి అంత అవసరమైన కాలం నా జీవితంలో మరొకటి లేదు.

కందులు మార్కెట్‌కు పోయే రోజులు. ట్రాక్టర్లు ఎక్కువ. ఒక ఉదయం కల్వర్టు దగ్గర వెనక నుంచి ట్రాక్టర్ వస్తోంది. దాని వెనక ఇంకేమైనా ఉందా అని మెడ తిప్పి చూస్తూ, "తమ్ముడు వస్తుండు అక్కా, ఎన్క ఇంకో..." అంటున్నాను. చూసేది వెనక్కి, తొక్కేది ముందుకు. నాకు తెలియకుండానే సైకిల్ రోడ్డు నడిమికి పోయింది. ఎదురుగా వస్తున్న లారీ బ్రేకు వేసింది. టైర్లు కీచుమన్నాయి. అది ఆగింది కాబట్టి ఇది రాస్తున్నాను.

డ్రైవర్ నన్ను తిట్టలేదు. స్టీరింగ్ మీద తల పెట్టి కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లారీ పక్కకు తీసి వెళ్లిపోయాడు.

ఆమె సైకిల్ దిగింది. జరిగింది ఏమిటో ఆమెకు పూర్తిగా కనిపించలేదు. చప్పుడు విని అర్థం చేసుకుంది. నా దగ్గరికి వచ్చి చెయ్యి పట్టుకుంది.

"నీ కండ్లు నీకే సాలవు చెల్లె. నాకెట్ల ఇస్తవ్?"

"ఇంగొకసారి ఇట్ల కానియ్య అక్కా. జాగ్రత్తగ సూస్త."

"వద్దు. నువ్వు పోతవ్, లేకుంటే నేను పోత. ఆ బావ గతి ఏంగావాలె? గిందాక ఆయన తల పట్టుకుని కూసున్నట్టు అనిపిస్తుంది. నేను సూడకున్న తెలుస్తుంది."

మిగిలిన దారి ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ వెళ్లాం. ఆ రోజు బండ్లు వచ్చాయి, పోయాయి. ఆమె ఒక్కదానినీ పలకరించలేదు. సాయంత్రం సైకిల్‌ను సబ్‌సెంటర్ గోడకు ఆనించి, తాళం వేసి, ఆటోలో స్టేషన్‌కు వెళ్లింది.

తర్వాత కొన్ని నెలలు ఆటోలోనే వచ్చింది. వెనక సీట్లో ఇద్దరి మధ్య, ఒడిలో టీకాల డబ్బాతో కూర్చునేది. నేను సైకిల్ మీద వెళుతుంటే ఆటో నన్ను దాటేది. ఆమె నన్ను చూసేది కాదు. చూడకూడదని కాదు, నేను పక్కన ఉండేదాన్ని. ఆ ఏడాదే ఆరోగ్య కారణాలు చూపించి ముందుగా రిటైరయింది.

తాండూరులో ఆమె గదికి నేను ఒక్కసారే వెళ్లాను. బండల పాలిష్ మిషన్లు ఉన్న వీధి. చప్పుడులో మాట్లాడటం కష్టం. ఆమె గడప మీద కూర్చుని ఉంది. నేను ఎదురుగా వెళ్లి నిలబడితే వెంటనే గుర్తుపట్టింది. టీ పెట్టింది. ఊళ్లో ఏ పిల్లలకు ఏ టీకా మిగిలిందో పేర్లతో అడిగింది. కొత్త నర్సు ఎలా చేస్తోందని అడిగింది. నేను లేచేటప్పుడు మాత్రం, "గేటు కాడ గుంత పూడ్చిన్రా?" అంది.

"లేదక్కా."

"రోడ్డోళ్లను మళ్ల అడుగు. అడుగుతనే ఉండు."

జ్వరం వచ్చి మూడో రోజు ఆమె పోయింది. పక్కింటామె ఫోన్ చేసింది. నేను వెళ్లేసరికి బషీరాబాద్ నుంచి వచ్చినవాళ్లు అన్నీ ముగించి చేతులు కడుక్కుంటున్నారు. నేను ఎవరో వాళ్లకు తెలియదు. ఏమవుతావని ఒకామె అడిగింది. ఒకే రోడ్డు అని చెప్పాను. ఆమె తల ఊపింది కానీ ఆమెకు అర్థం కాలేదు.

బడిలో, హోటల్లో, ఊళ్లో చెప్పినప్పుడు అందరూ మొదట అడిగింది ఒకటే, "ఏ బండి గుద్దింది?" అని. ఏ బండీ గుద్దలేదు. అన్నేళ్లలో ఆమె వల్ల ఎవరికీ దెబ్బ తగలలేదు, ఎవరి వల్లా ఆమె చావలేదు. ఆ సంగతి ఎక్కడా రాసి ఉండదని ఇక్కడ రాస్తున్నాను.

ఆమె పోయాక కూడా నేను ఒక్కదాన్నే సైకిల్ మీద కొన్ని వారాలు వెళ్లాను. ఆమె నేర్పినట్టే, కావాల్సినంత జాగా తీసుకునే తొక్కాను. భయం వేయలేదు. కానీ ఆ దారి పొడుగ్గా అనిపించసాగింది. ఒక నెలాఖరున సైకిల్‌ను బడిలో వంట చేసే ఆమెకు ఇచ్చేశాను. ఆమె దాన్ని ఊళ్లోనే, బడికీ ఇంటికీ మధ్య వాడుకుంటోంది.

కొత్త నర్సు మంచి పిల్ల. స్కూటీ మీద వస్తుంది, హెల్మెట్ పెట్టుకుంటుంది, తల్లులతో ఓపికగా మాట్లాడుతుంది. టీకాల డబ్బా ఇప్పుడు మునుపటికన్నా ముందే ఊరు చేరుతోంది. ధారూర్ స్టేషన్ నుంచి మా ఊరికి ఇప్పుడు ఎవరూ సైకిల్ మీద రావడం లేదు.